మన్యములో మనము అతిథులము

సెలవులకు ముందటి సాయంకాలము ఎల్.బి.నగర్ కూడలిలో పావుగంట నిలిచినచో హైదరాబాదు నగరమునకు తూర్పు వాకిలి ఇదియే యని ఎవరికైనను తోచును. దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లు దాటి, కొత్తపేట దాటి, ఇచ్చటి వరకు నగరము. ఇచ్చటినుండి విజయవాడ రహదారి. మియాపూరు నుండి వచ్చు మెట్రో రైలు కూడ ఇచ్చటనే ఆగిపోవును. రాత్రి బస్సుల కొరకు కుటుంబములు దారి పొడవున నిలిచియుండును. చేతిసంచులు, నీళ్ల సీసాలు, పులిహోర డబ్బాలు, నిద్రకు తూలు పిల్లలు. మార్గశిర పుష్య మాసములలో ఆ పిల్లల తలలపై ఉన్ని టోపీలు కనబడినచో ఆ కుటుంబము అరకు లోయకు పోవుచున్నదని అడుగకయే చెప్పవచ్చును. మరికొందరు భద్రాచల రాముని దర్శించి, గోదావరిపై పాపికొండలు చూడబోవువారు. నగరమునకు దక్షిణముగా శ్రీశైలము దారి పట్టి అమరాబాదు అడవులకు పోవువారు ఇంకను కొందరు. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురముండువారము గనుక ఈ గుంపులలో మేమును పలుమారులు నిలిచితిమి.

ఈ మూడు చోట్లకును ఒక సామాన్య లక్షణము కలదు. మూడును ఆదివాసుల నేలలు. రాజ్యాంగ పరిభాషలో వాటికి షెడ్యూల్డు ప్రాంతములని పేరు. మా పెద్దలు మన్యమనిరి, ఏజెన్సీ అనిరి. వారి కాలమున మన్యమునకు బదిలీ యనగానే చిన్న ఉద్యోగి ఇంట దిగులు కమ్ముకొనెడిది; మన్యపు జ్వరము సోకినవాడు బ్రతికి బయటపడుట కష్టమని నమ్మిక. ఆ చోట్లకే నేడు మనము డబ్బు చెల్లించి విహారమునకు పోవుచున్నాము. రెండు మూడు తరములలో భయపడిన నేల ముచ్చటపడు నేల అయినది. కొండలు అవియే, మనుషులు వారి మనుమలే. మారినవి దారులు, మందులు, వానితోపాటు ప్రభుత్వముల విధానములు. ఆ విధానముల చరిత్రను ప్రయాణమునకు ముందు ఒక్కసారి తలచుకొనుట మంచిదని మాకు తోచినది. అందులకు కారణమైన చిన్న సంగతి ఒకటి ముందు చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము సకుటుంబముగా అరకు వెళ్లితిమి. బస చేసిన చోట రాత్రి భోజనమునకు ముందు థింసా నృత్యము ఏర్పాటు చేసిరి. పదునైదుగురు స్త్రీలు ఒకే రంగు చీరలు కట్టి, వీపుల వెనుకగా ఒకరి చేతులొకరు పట్టుకొని, వలయముగా తిరిగిరి. తుడుము, డప్పు, మోరి మ్రోగినవి. అతిథులు కొందరు ఛాయాచిత్రములు తీసికొనిరి. కొందరు వారితో అడుగులు కలుపబోయి, తప్పి, నవ్వుకొనిరి. అరగంటలో అంతయు ముగిసినది. మా చిన్నపిల్ల ఆ వరుస చివరనున్న ముసలమ్మ వద్దకు పోయి, "అవ్వా, మళ్ళీ వస్తాము" అని చెప్పినది. ఆమె నవ్వి, "ఊరికొస్తారు పాపా, మా ఇంటికి రారు గదా" అని, చీర చెంగు సర్దుకొని చీకటిలోనికి నడచిపోయినది. ఆమె పేరు మేము అడుగలేదు. ఆమె ఊరు ఏదియో, ఆనాటి ఆటకు ఆమెకు ముట్టినదెంతయో కూడ అడుగలేదు. ఆ మాట మాత్రము మా వెంట హైదరాబాదు వచ్చినది.

ఆ నేల ఎవరి ఇల్లు? ఆ ఇంటికి మనలను పిలువవలసినవారు ఎవరు? నూట ఎనుబది యేండ్లకు పైగా మన్యమునకు సంబంధించి వచ్చిన చట్టములన్నియు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నవి.

ఏజెన్సీ యను మాటనే తీసికొందము. ఈ ఇంగ్లీషు మాట తెలుగు పల్లెలలో ఎట్లు నిలిచిపోయినది? పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశకములలో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండ జమీందారీలలో తరచుగా తిరుగుబాట్లు చెలరేగినవి. వాటిని అణచుటకును, కారణములు విచారించుటకును కుంపిణీ ప్రభుత్వము జార్జి రస్సెల్ అను అధికారిని పంపినది. మైదానములోని కోర్టులు, చట్టములు కొండలలో యథాతథముగ నడువవని తేలినది. 1839లో వచ్చిన 24వ చట్టము ఆ కొండ ప్రాంతములను సామాన్య న్యాయపాలన నుండి తప్పించి, జిల్లా కలెక్టరును అచ్చట గవర్నరుకు ఏజెంటుగా నియమించినది. ఆ ఏజెంటు పాలించు సీమ ఏజెన్సీ అయినది. ఏజెంట్లు పోయిరి, గవర్నరుల రాజ్యము పోయినది. పేరు మాత్రము నేటికిని బస్సు కండక్టరుల నోట వినబడుచున్నది.

ఆ ఏర్పాటు కొండవారి మేలు కోరి చేసినది కాదు. కొండలలో శాంతి నిలుపుటకు చేసినది. శాంతియు నిలువలేదు. కల్లు గీత మీద ఆంక్షలు, మనసబుదారు ఒత్తిడి, అప్పులిచ్చి పంటను, భూమిని లాగుకొను వర్తకుల జులుము సహింపలేక 1879లో రంపదేశము తిరుగబడినది. తరువాతనే ప్రభుత్వమునకు భూమి సంగతి మెల్లమెల్లగా తలకెక్కినది. 1917లో మదరాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టము చేసినది. కొండజాతివాని భూమి మరియొక కొండజాతివానికి తప్ప, ఏజెంటు అనుమతి లేనిదే ఇతరులకు చెల్లదని దాని సారాంశము. అయినను అడవి చట్టములు పోడు సేద్యమునకు అడ్డు తగులుచునే యుండినవి. రోడ్డు పనులకు మనుషులను పట్టుకొనిపోవుట ఆగలేదు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము మరల ఎందుకు లేచినదో మన పిల్లలు పాఠములలో చదువుచునే యున్నారు. 1935 చట్టము ఈ సీమలను పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతములుగా వేరుపరచినది. వేరుగా ఉంచుట ఒక రక్షణ, ఒక నిర్లక్ష్యము కూడ. బడి, వైద్యశాల, దారి అన్నియు మైదానము వద్దనే ఆగిపోయినవి.

గోదావరికి ఇవతల, నిజాము రాజ్యమున, కథ మరియొక విధముగా నడచినది. ఆదిలాబాదు అడవులలో గోండులు, కోలాములు తాము నరికి సాగుచేసికొన్న భూములనుండియే వెడలగొట్టబడుచుండిరి. పన్నెండు గ్రామముల గోండులకు ఆ భూమిపై హక్కు కోరుచు కుమ్రం భీము నిలిచెను. 1940లో జోడేఘాట్ కొండలపై పోలీసుల తుపాకులకు అతడును, అతని అనుచరులును బలియైరి. ఆ సంఘటన నిజాము ప్రభుత్వమును కలవరపెట్టినది. కాల్చుట సులభము గాని, వీరు ఎందుకు తిరుగబడిరో చెప్పగలవారు దర్బారులో లేకపోయిరి.

చెప్పగలవాడు ఒక విచిత్రమైన మార్గమున దొరకెను. వియన్నాలో 1909లో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1939లో హిందూదేశము చేరియుండెను. ఇంతలో యుద్ధము వచ్చినది. ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొనియున్నందున అతని వద్దనున్నది జర్మను పాస్‌పోర్టు. బ్రిటిషువారికి శత్రుదేశీయుడైన ఆయన హైదరాబాదు సంస్థానము దాటి పోరాదని కట్టడి చేసిరి. ఆ కట్టడియే మనకు మేలైనది. ఆయన నల్లమల చెంచులతోను, గోదావరి లోయ కొండరెడ్లతోను, ఆదిలాబాదు గోండులతోను నెలల తరబడి నివసించి, 1943, 1945, 1948 సంవత్సరములలో వరుసగా గ్రంథములు వెలువరించెను. ప్రభుత్వము ఆయన సలహా కోరగా, ముందు వారి భూమి వారికి పట్టా చేయుడు, వారి భాషలో బడి పెట్టుడు అని చెప్పెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. 1946లో గిరిజన ప్రాంతముల నిబంధనయు, 1949లో దానికి నియమములును వచ్చినవి. ఆయన సహధర్మచారిణి బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో మరణింపగా ఆమెను ఖననము చేసినది ఆ మార్లవాయిలోనే.

హైమన్‌డార్ఫ్ సూచనలలో మేము ఇచ్చట ముఖ్యముగా చెప్పదలచినది కేస్లాపూరు దర్బారు. నేటి ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరులో పుష్యమాసపు అమావాస్యనాడు నాగోబా జాతర జరుగును. గోండులలో మెస్రం వంశీయులు దానికి కర్తలు. వారు పాదరక్షలు లేక నడచి కలమడుగు వద్ద హస్తినమడుగు చేరి, అచ్చటి గోదావరి జలము తెచ్చి, అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకము చేయుదురు. ఆ వంశములోనికి కొత్తగా వచ్చిన కోడండ్రను ఆనాడు దేవునికి చూపుదురు. దానికి భేటింగ్ అని పేరు. అంతవరకు ఆ కోడలు నాగోబా గుడిలో అడుగుపెట్టరాదు. అధికారుల కచేరీకి రాని గోండులు ఈ జాతరకు దూరదూరములనుండి వచ్చెదరు గదా, అట్లయినచో కచేరీయే జాతరకు పోరాదా యని హైమన్‌డార్ఫ్ అడిగెను. 1940లలో ఆ విధముగ దర్బారు ఆరంభమైనది. జిల్లా అధికారులు వచ్చి కూర్చుండుట, గోండు పెద్దలు ఒక్కొక్కరుగా లేచి తమ మొర చెప్పుకొనుట దాని పద్ధతి. ఇది నేటికిని జాతరలో భాగముగా జరుగుచున్నది.

ఈ దర్బారులో ఒక పాఠము కలదు. ప్రభుత్వము పండుగకు పోయినది గాని, పండుగను చూచుటకు పోలేదు, వినుటకు పోయినది. విన్నదంతయు నెరవేర్చినదని మేము చెప్పము. 1981 ఏప్రిల్ 20వ తేదీన అదే ఇంద్రవెల్లిలో భూమి కొరకు సభ చేసికొనవచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. 13 మంది మరణించిరని ప్రభుత్వము చెప్పినది. చాల ఎక్కువమంది యని అచ్చటివారు నేటికిని చెప్పుచున్నారు. దర్బారు స్థలమునకును, ఆ స్తూపమునకును మధ్య కొద్దిపాటి దూరమే. వినుట ఆగిన చోట ఏమగునో ఆ దూరమే చెప్పును.

వినుట మా వృత్తి. అయినను మేము తలవంచుకొని చెప్పవలసిన సంగతి ఒకటి కలదు. పదునైదేండ్ల క్రిందట మేము ధ్వనిముద్రణ యంత్రముతో ఆ సీమకు పోయితిమి. గోండులకు వంశచరిత్ర పాడువారు పర్ధానులు. వారి తంత్రీవాద్యము కిక్రి. ఒక వృద్ధ పర్ధాను రెండు గంటలసేపు పాడెను. ముగించిన పిదప, ఇది మాకు ఎప్పుడు వినిపింతురు అని తన మనుమని చేత తెలుగులో అడిగించెను. త్వరలోనే యని చెప్పితిమి. ఆ పాటలో పది నిమిషముల భాగము నగర శ్రోతలకు వినబడినది. బాగున్నదని కొందరు ఉత్తరములు కూడ వ్రాసిరి. ఆ ఊరివారు వినునట్టి వేళకు, వినునట్టి కేంద్రమునుండి దానిని వేయించు ప్రయత్నము మేము చేయలేదు. ఆదిలాబాదు కేంద్రమునుండి గోండీ భాషలో కార్యక్రమములు వచ్చుచున్నవని తెలిసియును చేయలేదు. అరకులో ఛాయాచిత్రము తీసికొని వచ్చిన అతిథికిని, పాట పట్టుకొని వచ్చిన మాకును భేదము ఏమున్నదని ఆనాటి అవ్వ మాట విన్న తరువాత మాకు తోచినది.

స్వాతంత్ర్యానంతర చరిత్రకు వత్తము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ఈ ప్రాంతముల భూమిని రక్షించు అధికారమును గవర్నరునకు ఇచ్చినది. వెరియర్ ఎల్విన్ గ్రంథము రెండవ కూర్పునకు 1958లో వ్రాసిన ముందుమాటలో జవహర్‌లాల్ నెహ్రూ గిరిజన విధానమునకు అయిదు సూత్రములు చెప్పిరి. వారి భూమిపై, అడవిపై వారికి గల హక్కులను మన్నింపవలెననునది వానిలో ఒకటి. సాధించిన ఫలితమును ఖర్చుపెట్టిన డబ్బుతో గాక మనుషుల తీరుతో కొలువవలెననునది మరియొకటి. 1959లో ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు నిబంధన వచ్చినది. 1963లో అది తెలంగాణ ప్రాంతమునకు వర్తించినది. 1970లో దానిని మరింత బిగించిరి. షెడ్యూల్డు ప్రాంతములో భూమి ఎవరు అమ్మినను గిరిజనునికో, గిరిజనుల సహకార సంఘమునకో తప్ప వేరొకరికి చెల్లదు. గిరిజనేతరుడు గిరిజనేతరునికి అమ్మినను చెల్లదు. కాగితముమీద ఇంతకన్న గట్టి కంచె మన దేశమున అరుదు. కంచెకు కంతలును ఏర్పడినవి. బేనామీ పేరులు, కౌలు పేరులు, పెండ్లి సంబంధములు ఆ కంతలు.

కంచె లోపలికి ఒక పెద్ద దారి 1960లలో పడినది. బైలడీలా ఇనుప ఖనిజమును విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుటకై కొత్తవలస - కిరండోల్ రైలుమార్గము వేసిరి. ఏబదికి పైగా సొరంగములు దూరుచు ఆ రైలు తూర్పు కనుమలనెక్కును. ఖనిజము కొరకు వేసిన దారిలోనే విహారయాత్రికులును అరకు చేరిరి. 2017 నుండి అద్దాల పెట్టెలో కూర్చుండి కొండలను చూచు వసతియు కలిగినది. బొర్రా గుహలు, లోయలోని బసలు, మ్యూజియము, కాఫీ తోటలు అన్నియు ప్రసిద్ధికెక్కినవి. అప్పటివరకు చైత్రమాసపు ఇటుకల పండుగకును, పెండ్లిండ్లకును, ఊరి సంతోషమునకును ఆడిన థింసా, అతిథుల భోజన వేళకు ఆడు ఆట కూడ అయినది. ఆట ఆడినందుకు కూలి వచ్చుట తప్పు కాదు. ఆ కూలి ఎందరి ఇంట పొయ్యి వెలిగించుచున్నదో మేమెరుగుదుము. ఎప్పుడు ఆడవలెను, ఎంతసేపు ఆడవలెను, ఏ ఆట ఇతరుల ముందు ఆడరాదు అనునది ఎవరు నిర్ణయింతురనునదే మా సందేహము.

ఆ బొర్రా పంచాయతీలోనే దేశమంతట ప్రసిద్ధి చెందిన ఒక వ్యాజ్యమునకు మూలము కలదు. గుహల చుట్టుపట్ల గ్రామములలో ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వము గనుల కౌలు ఇచ్చినది. సమత అను సంస్థ గిరిజనుల పక్షమున న్యాయస్థానములకెక్కినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. గిరిజనేతరునికి భూమి బదలాయింపరాదను నిషేధము ప్రభుత్వమునకును వర్తించును. ప్రభుత్వము కూడ తన భూమిని షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరులకు కౌలుకు ఇయ్యరాదు. గనుల లాభములో కనీసము 20 శాతము అచ్చటివారి అభివృద్ధికి కేటాయింపవలెను అని ఆ తీర్పు సారాంశము. మనము గుహలోని సున్నపురాతి లింగమును చూచి వచ్చు చోటనే ఇంత పెద్ద మాట పుట్టినదని ఆ గుహలకు పోవు యాత్రికులలో ఎందరెరుగుదురు?

ఇక గోదావరి వైపు. పాపికొండల మధ్య నది సన్నగిలి ప్రవహించు దృశ్యమునకు సాటి మన దేశమున తక్కువ. ఆ ఒడ్డుల మీదనే హైమన్‌డార్ఫ్ కొండరెడ్లతో నివసించెను. లాంచీలో పాటలు, భోజనములు, మధ్యలో వెదురు వస్తువులు అమ్ము గిరిజనుల పల్లె ఒకటి. ఇది మనకు పరిచితమైన యాత్ర. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద ఉద్ధృతమైన వరదలో 77 మందితో పోవుచున్న లాంచీ మునిగిపోయినది. అందులో హైదరాబాదు, వరంగల్లు ప్రాంతములనుండి పోయినవారు పలువురుండిరి. 26 మంది బ్రతికి బయటపడిరి. వారిని ఒడ్డుకు చేర్చినది సమీప గ్రామముల జనము. తమ చిన్న పడవలతోనే ఆ సుడిగుండముల నడుమకు పోయిరి. ఆ సీమలో అనేక గ్రామములు పోలవరము జలాశయమున మునుగవలసినవి. కొన్ని ఊరులు ఇప్పటికే ఖాళీ అయినవి. మనము పై అంతస్తునుండి చేయి ఊపి దాటిపోవు ఆ ఒడ్డుననే, మునిగినప్పుడు మన చేయి పట్టువారు ఉండిరి. వారి ఇండ్లు ఎచ్చటికి పోవునో, ఎట్టి నేలకు పోవునో అనునది లాంచీ టిక్కెట్టుతో సంబంధము లేని సంగతి యని మనము అనుకొనరాదు.

మూడవ దారిని గూర్చి చెప్పుటకు ముందు మా ఇంటి దగ్గరి చోటు ఒకటి చూపెదము. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ దారిలో వనస్థలిపురము చేరువ మహావీర హరిణ వనస్థలి కలదు. అది పూర్వము నిజాము ప్రభువుల వేట మైదానము. 1975లో కృష్ణజింకల అభయారణ్యమైనది. 1994లో జాతీయ ఉద్యానమైనది. ఆదివారములందు పిల్లలను తీసికొనిపోయి, టిక్కెట్టు కొని, జింకలను చూచి వచ్చెదము. నిజామునకు నల్లమలలో ఫరాహాబాదు వద్ద మరియొక వేట విడిది యుండెను. అదియు నేడు అమరాబాదు పులుల అభయారణ్యములో యాత్రికులు చూచు చోటు. ఒక ప్రభువు వేటాడిన రెండు అడవులు. రెండును నేడు విహారస్థలములే. అయితే రెండవ అడవిలో జింకలు, పులులు మాత్రమే లేవు, చెంచులు కలరు. వారి చిన్న పల్లెలకు పెంటలని పేరు. తేనె, దుంపలు, చింతపండు, జిగురు వారికి అడవి ఇచ్చు జీవనము. చెంచులకు అడవిలో ప్రత్యేక ప్రదేశము వదలవలెనని హైమన్‌డార్ఫ్ 1940లలోనే సలహా ఇచ్చెను. ఇప్పుడు పులుల కొరకు కొన్ని పెంటలను అడవి వెలుపలికి తరలించు ప్రతిపాదనలు నడచుచున్నవి. అతిథులను లోనికి తీసికొనిపోవు వాహనము, ఇంటివారిని బయటికి తెచ్చు వాహనము ఒకే దారిలో ఎదురుపడుట మంచి విధానమునకు గుర్తు కాదు. వనస్థలిలో జింకను చూచినట్లు మనుషులను చూచుట మనకు తెలియకయే అలవాటగును. ఆ అలవాటునకు ప్రభుత్వము దారి వేయరాదు.

ఇంటివారి మాట చెల్లిన చోట ఏమి జరుగునో చూపుటకు దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పెదము. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉలూరు అను మహాశిల కలదు. అనంగు జనులకు అది పవిత్రస్థలము. యాత్రికులు దశాబ్దముల తరబడి దానిపై కెక్కుచుండిరి. 1985 అక్టోబరు 26న ఆ నేలపై యాజమాన్య హక్కును ఆస్ట్రేలియా ప్రభుత్వము అనంగులకు తిరిగి ఇచ్చినది. వారు దానిని జాతీయ ఉద్యానముగా 99 ఏండ్లకు ప్రభుత్వమునకే కౌలుకిచ్చిరి. నిర్వాహక సంఘములో ఎక్కువమంది వారే. ఎక్కవద్దని వారు అతిథులను చిరకాలము బ్రతిమాలిరి. తుదకు 2017లో సంఘము తీర్మానింపగా, భూమి చేతికి వచ్చిన ముప్పది నాలుగేండ్లకు, 2019లో అదే అక్టోబరు 26 నాడు ఎక్కుట నిలిచిపోయినది. చూడవచ్చువారు మాత్రము నేటికిని వచ్చుచున్నారు. ఇంటి యజమాని ఇది మా పూజగది, లోనికి రావలదు అని చెప్పినచో మర్యాద తెలిసిన అతిథి నొచ్చుకొనడు.

అంత దూరము పోనక్కరలేదు. కేస్లాపూరులో నాగోబాకు కొత్త గుడిని మెస్రం వంశీయులు తమలో తామే చందాలు వేసికొని కట్టుకొనిరి. 2022లో అది పూర్తియైనది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కాఫీని గిరిజన కుటుంబములు తమ చిన్న కమతములలో పండించుచున్నవి. గుడి వారిది, తోట వారిది యైన చోట అతిథికి లోటు కలుగలేదు.

చట్టములు మన వద్ద లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు పెద్దరికము ఇచ్చు పెసా చట్టము 1996లో వచ్చినది. అటవీ హక్కుల చట్టము 2006లో వచ్చినది. వానిని విహారయాత్రల విషయములో కూడ మనసారా పాటించుట మిగిలినది. కొత్త బస కట్టవలెనన్నను, గుహకు దీపములు పెట్టవలెనన్నను, పండుగకు ప్రచారము చేయవలెనన్నను ముందు గ్రామసభ పిలువవలెను. గ్రామసభ కాదన్నచో కాదనియే అర్థము కావలెను. టిక్కెట్టు రాబడిలో ఆ ఊరి వంతు ఎంతయో ద్వారము వద్ద బల్ల మీద వ్రాసి పెట్టవలెను. దారి చూపువాడు, లెక్క వ్రాయువాడు, బస నడుపువాడు ఆ ఊరివాడే కావలెను. వడ్డించువాడు మాత్రమే ఆ ఊరివాడైనచో అది ఆతిథ్యము కాదు, కొలువు.

ప్రభుత్వము చేయవలసినది అది. మనము చేయగలిగినదియు కొంత కలదు. పోవుటకు ముందు ఆ నేల ఎవరిదో తెలిసికొనుట, బస ఎవరిదో అడుగుట, పండుగనాడు పిలువని చోట తలదూర్చకుండుట, ముఖము చూచి అడుగక ఛాయాచిత్రము తీయకుండుట. వీనికి డబ్బు ఖర్చు కాదు. మేము మా వంతుగా ఆ వృద్ధ పర్ధాను పాటను వెదకి, ఆ ఊరివారు వినగల వేళకు వినిపించు ప్రయత్నములో ఉన్నాము. ఆయన నేడు లేరు. అడిగిన మనుమడు ఉన్నాడు.

సెలవులు ముగిసిన తెల్లవారుజామున ఎల్.బి.నగర్ కూడలిలో ఆ బస్సులే తిరిగి వచ్చి నిలుచును. కాఫీ పొట్లములు, వెదురు బుట్టలు, తేనె సీసాలు పట్టుకొని జనులు దిగి ఆటోల కొరకు చూచుచుందురు. మా చిన్నపిల్ల ఈ సంవత్సరము మరల అరకు పోదమనుచున్నది. పోవుదుము. ఈ పర్యాయము ఆ అవ్వను వెదకి, పేరు అడిగి, ఆమె పిలిచినచో ఆమె ఇంటికి పోయి, ఆమె పెట్టినది తిని రావలెనని మా కోరిక. పిలువకున్నచో వాకిట నిలిచి నమస్కరించి వత్తుము.